299 రూపాయల అంగి, 15,600 రూపాయల ఆఫీసు

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికతో చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

ప్రతి ఏడు ఆగస్టు 7 రాంగనే మన ఆఫీసుల్లో ఒక తంతు నడుస్తది. జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి, దాని గుర్తుగా 2015 నుంచి కేంద్రం ఈ దినం జరుపుతున్నది. మంచిదే, ఎవరూ కాదనరు. సార్లు కండువాలు వేసుకుంటరు, మేడమ్‌లు గద్వాల చీరలు కట్టుకొస్తరు, ఫొటోలు దిగుతరు. ఆ తర్వాత ఎవరో ఒకరు మైకు పట్టుకొని నీతి చెప్తరు: "ఇప్పటి యువత ఫోన్ల చవక బట్టలు ఆర్డర్ పెట్టి నేతన్న పొట్ట కొడుతున్నది."

ఆ మాట ఎవరిని చూసి అంటున్నరో తెలుసు కదా? కుర్చీలు సర్ది, మైకు సెట్ చేసి, ఫొటోలు తీసి, ఆ రాత్రికే రిపోర్టు టైప్ చేసి పంపాల్సిన పిల్లల్ని చూసి. అంటే మనల్ని. తండాల నుంచి, పెంటల నుంచి, గూడేల నుంచి చదువుకొని వచ్చి ఔట్‌సోర్సింగ్ కుర్చీల కూర్చున్నోళ్లని.

ఈ పోస్ట్ ఆ నీతికి జవాబు. చవక బట్ట వెనక అన్యాయం లేదని నేను అనడం లేదు. ఉన్నది, చాలా ఉన్నది. కానీ ఆ అన్యాయం కొనేటోని జేబుల పుట్టలేదు. అంగి కుట్టేటోళ్లని చవక చేసిన పద్ధతి, ఆఫీసుల మనల్ని చవక చేసిన పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతికి మన పాలమూరుల ఒక పాత పేరున్నది. మేస్త్రీ.

ఇప్పటి తమ్ముళ్లకు తెలవకపోవచ్చు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుక. డ్యాములు, కాలువలు, రోడ్లు, బొంబాయి బిల్డింగులు, మనోళ్ల చెమట లేని చోటు లేదు. మేస్త్రీ ఊర్లకొచ్చి అడ్వాన్స్ ఇస్తడు, బస్సు ఎక్కిస్తడు. అసలు కాంట్రాక్టరు ఎవరో కూలోనికి తెలవదు. కూలోడు చచ్చిండో బతికిండో కాంట్రాక్టరుకు తెలవదు. కూలి అడిగితే మేస్త్రీ ఒకటే మాట చెప్తడు: "పై నుంచి రాలేదు." పైన అడుగుదామంటే "మేస్త్రీకి ఇచ్చేసినం" అంటరు. ఈ దందాను కట్టడి చెయ్యడానికే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చిండ్రు. మేస్త్రీ ఉన్నది పని చూపడానికి కాదు, పైనోని బాధ్యత తెంపడానికి. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మిగతాదంతా దీని మీదనే చెప్తున్న.

అంగి లెక్క చూద్దాం

299 రూపాయల నూలు అంగి అనుకుందాం. బరువు 200 గ్రాములు. తరుగు పోను ఆ అంగికి 250 గ్రాముల దూది కావాలె. క్వింటాల్ పత్తిల దూది 34 కిలోల దాక వస్తది, మిగతాది గింజ. అంటే ఒక్క అంగికి 735 గ్రాముల పత్తి. 2025-26ల పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కితే అంగిల రైతు వాటా 60 రూపాయలకు ఒక్క అర్ధ రూపాయి తక్కువ. తేమ 8 శాతం దాటితే సీసీఐ కోత పెడతది, 12 దాటితే కొననే కొనదు. అప్పుడు రైతు దళారి కాడికి పోవుడే. అచ్చంపేట, బల్మూరు, అమ్రాబాద్ దిక్కు పత్తి పెట్టిన ప్రతి ఇంటికీ ఇది ఎరుక. పత్తి ఏరిన అక్కకు కిలోకు 12 రూపాయలు అనుకుంటే, ఆ అంగిల ఆమె వాటా 9 రూపాయలు. అది కూడా రైతు 60 నుంచే పోవాలె. అంగిల సగం పాలిస్టర్ కలిపితే ఇద్దరికీ అందులో సగమే.

299ల జీఎస్టీ 14 రూపాయలు. మిగిలింది 225. దాంట్లనే జిన్నింగు, దారం, నేత, రంగు, కుట్టు, గుండీలు, కవరు, గోడౌను, ఇంటి దాక తెచ్చే డెలివరీ పిల్లగాడు, యాప్ కమీషను, వాపసు పంపితే దాని ఖర్చు, అందరి లాభాలు. ఇప్పుడు చెప్పండి. దారానికి ఒక రేటుంటది, రంగుకు ఉంటది, కరెంటు బిల్లు తగ్గదు, మిషన్ మీద బ్యాంకు కిస్తీ ఆగదు. వీటిల ఎవర్ని ఒత్తితే ఒత్తుకు దిగుతరు? మనిషే. ఏరేటోళ్లు, కుట్టేటోళ్లు, మోసేటోళ్లు. చవక అనేది మిషన్ల పుట్టిన మాయ కాదు. గొలుసుల గొంతు లేనోని వాటా కోస్తే వచ్చింది.

ఈ గొలుసు మన నడిగడ్డల్నే మొదలైతది

దేశంల పండే పత్తిల 90 శాతానికి పైగా బీటీ హైబ్రిడ్. ఆ హైబ్రిడ్ విత్తనం తయారయ్యే పెద్ద కేంద్రాల్లో కృష్ణా, తుంగభద్ర నడుమ ఉన్న మన గద్వాల ప్రాంతం ఒకటి. గట్టు, మల్దకల్, ధరూర్, ఐజ దిక్కు సీడ్ పత్తి చేన్లు చూసినోళ్లకు క్రాసింగ్ పని గురించి చెప్పే పని లేదు. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గ ఒలిచి పుప్పొడి తిత్తులు తియ్యాలె. తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలె. ఒక్కో పువ్వుకు విడిగా, చేతితోనే. నెలల తరబడి. దీనికి సన్న వేళ్లు కావాలన్నరు. పిల్లలు ఒంగకుండానే చెట్టుకు అందుతరన్నరు. అసలు కారణం అది కాదు. పిల్లలకు తక్కువ ఇచ్చినా అడగరు, అదీ సంగతి. బడి రిజిస్టర్ల పేరు, చేన్ల మనిషి. 1990ల చివర నుంచి ఎంతో మంది దీని మీద పరిశోధనలు చేసిండ్రు, పేపర్లల్ల రాసిండ్రు, కంపెనీలు మాటలిచ్చినయ్. అయినా సీజన్ వస్తే బడిల బెంచీలు ఖాళీ కావడం మనం చూడని సంగతా?

ఇక్కడ మేస్త్రీ పేరు ఆర్గనైజర్. కంపెనీ రైతుతో నేరుగా మాట్లాడదు. ఆర్గనైజర్ విత్తనం ఇస్తడు, అప్పు ఇస్తడు, పంట తీసుకుంటడు, లెక్క చెప్తడు. పంట ఫెయిల్ అయితే కంపెనీ "మాకు ఆర్గనైజర్ తప్ప ఎవరూ తెలవదు" అంటది. పిల్లలు దొరికితే "రైతు పెట్టుకున్నడు" అంటది. పెద్దోళ్లకు సరైన కూలి ఇచ్చే రేటు కంపెనీ రైతుకు ఇవ్వదు, రైతు పిల్లల్ని పెడతడు, కేసు రైతు మీద. 2016 సవరణతో 14 ఏండ్ల లోపు పిల్లల్ని ఏ పనిల పెట్టినా నేరమే. కానీ బడి అయినంక ఇంటోళ్లకు సాయం చెయ్యొచ్చని ఒక కిటికీ తెరిచి పెట్టిండ్రు. సీజన్‌ల ప్రతి పిల్ల "మా చిన్నాయన చేను" అనే చెప్తది.

కుట్టేటోళ్ల కథ

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌ల రాణా ప్లాజా కూలి 1,134 మంది చచ్చిపోయిండ్రు. ముందు రోజే గోడలకు పగుళ్లు కనపడ్డయ్. కింది అంతస్తుల బ్యాంకు, దుకాణాలు మూసుకున్నరు. పైన బట్టలు కుట్టేటోళ్లని మాత్రం తెల్లారి పనిలకు రమ్మన్నరు. రాకపోతే జీతం కోస్తమన్నరు. ఆర్డర్ టైముకు పోవాలె కదా.

అది పరదేశం అంటరేమో. అచ్యుతాపురం పరదేశం కాదు. 2022 జూన్ 3న అక్కడి బ్రాండిక్స్ సెజ్‌ల విషవాయువు పీల్చి, బట్టలు కుట్టే సీడ్స్ కంపెనీల వంద మందికి పైగా ఆడోళ్లు వాంతులతో, కళ్లు తిరిగి పడిపోయిండ్రు. రెండు నెలలు కాకముందే ఆగస్టు 2న మళ్లీ అదే కంపెనీల, మళ్లీ వంద మందికి పైగా. ఆ అక్కచెల్లెళ్లు మనలాంటి పల్లెల నుంచి వచ్చినోళ్లే.

రాణా ప్లాజా తర్వాత ఏం మారిందో చూడండి, ఈ చర్చకు అదే ముఖ్యం. కొనేటోళ్లు సిగ్గుపడి చవక బట్ట మానేసిండ్రా? లేదు. అదే ఏడాది మే నెలల కార్మిక సంఘాలు పట్టుబట్టి, చట్టబద్ధమైన ఒప్పందం మీద పెద్ద పెద్ద బ్రాండ్లతో సంతకం పెట్టించినయ్. 200కు పైగా కంపెనీలు సంతకం పెట్టినయ్. వెయ్యికి పైగా ఫ్యాక్టరీలు తనిఖీ అయినయ్, వైర్లు మార్చిండ్రు, తాళాలేసిన తలుపులు తెరిపించిండ్రు. కూలి ఇంకా తక్కువే, అది వేరే కొట్లాట. కానీ ప్రాణాలు కాపాడింది కొనేటోని మనస్సాక్షి కాదు. మేస్త్రీని దాటి పైనోని మెడకు కట్టిన కాగితం.

ఇప్పుడు మన ఆఫీసుకు వద్దాం

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలొచ్చినయ్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఆ రోజు పుట్టినయే. కొత్త ఆఫీసులొచ్చినయ్, మన పిల్లలకు కొత్త ఆశలొచ్చినయ్. ఖిల్లా ఘనపూర్ దిక్కు తండాల నుంచి బొంబాయి బస్సెక్కిన తండ్రికి కొడుకు కంప్యూటర్ ముందట కూర్చుంటే అంతకన్నా ఏం కావాలె? కానీ ఆ కుర్చీ గవర్నమెంటుది కాదు, ఏజెన్సీది. 2021 జూన్‌ల వచ్చిన జీవో 60 ప్రకారం ఔట్‌సోర్సింగ్ జీతాలు మూడు మెట్లు: 15,600, 19,500, 22,750. కింది మెట్టు మీదున్నోనికి పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి వచ్చేది పదమూడున్నర వేలు. అది కూడా నెల నెల వస్తే.

జీతం ఎప్పుడు అని ఆఫీసుల అడుగుతే "ఏజెన్సీని అడుగు." ఏజెన్సీని అడుగుతే "బడ్జెట్ రిలీజ్ కాలేదు." ఇది ఎక్కడన్నా విన్నట్టు లేదా? "పై నుంచి రాలేదు." బొంబాయిల నాయనకు మేస్త్రీ చెప్పిన మాట, ఏసీ గదిల కొడుకుకు ఏజెన్సీ చెప్తున్నది. మేస్త్రీ పోయిండనుకున్నం. పోలేదు, ఇన్‌షర్ట్ వేసుకొని వచ్చిండు.

పనికి మాత్రం ఏజెన్సీ అడ్డం రాదు. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపుల "అర్జెంట్, రేపు ఉదయం 9 లోపు" అని మెసేజ్ పడితే అది నేరుగా నీకే. ప్రజాపాలనల 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాక రాష్ట్రమంతా 1 కోటి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినయ్. ఆ కాగితాలు తమంతట తాము కంప్యూటర్ల ఎక్కలేదు. పొద్దుమాపు కూర్చొని వేళ్లు నొప్పులు పుట్టేదాక కొట్టినోళ్లున్నరు. పని చెప్పేటప్పుడు నువ్వు ఆఫీసు మనిషివి. జీతం అడిగేటప్పుడు ఏజెన్సీ మనిషివి. సీడ్ కంపెనీకి రైతు ఎట్లనో, బ్రాండుకు దర్జీ ఎట్లనో, ఆఫీసుకు నువ్వు గట్ల.

"డీసెంట్‌గ రా"

అంగి, ఆఫీసు ఎక్కడ కలుస్తయో ఇప్పుడు చెప్త. నేను కొన్నాళ్లు చేసిన ఒక ఆఫీసుల (పేరు అనవసరం) ఒక సారు అందరి ముందట అన్నడు: "మీటింగుకు పెద్దోళ్లొస్తున్నరు, ఇదేం తండా అనుకున్నవా, కొంచెం డీసెంట్‌గ రా." అప్పటికి మూడో నెల జీతం రాలేదు. అదే సాయంత్రం దోస్తు కాడ అప్పు తీసుకొని ఫోన్ల రెండు అంగీలు ఆర్డర్ పెట్టిన. ఒక్కోటి 299. రెండోసారి ఉతికేసరికి కాలర్ పోగులు లేచింది. అది వేరే సంగతి.

నన్ను చవక అంగి కొనిపిచ్చింది మోజు కాదు. నెల జీతగాని లెక్క కనపడాలె, కానీ నెల జీతం రాదు. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీలనే 299 రూపాయల మార్కెట్ బతుకుతున్నది. ఆ ఖాళీని సృష్టించినోళ్లే ఆగస్టు 7న మైకు పట్టుకొని మనకు నీతి చెప్పడం నాకు మంట.

ఇంకో మాట. బట్ట విలువ మనకు ఎవరూ నేర్పే పని లేదు. మన నాయనమ్మలు ఫేటియా, కాంచళి నెలలకు నెలలు కూర్చొని కుట్టుకున్నరు. అద్దాలు, గవ్వలు, దారం, ఒక్కో కుట్టు చేతితో. అది ఏండ్లకేండ్లు నడిచింది, చిరిగితే అతుకు వేసుకున్నరు, పారేసింది లేదు. ఆ బట్ట కట్టుకొని ఆఫీసు మెట్లెక్కితే "ఎవరమ్మా నువ్వు, పక్కన నిలబడు" అన్నరు. ఇప్పుడు అదే డిజైన్ మిషన్ మీద అచ్చు కొట్టి బొటిక్‌ల అమ్ముతున్నరు, దాన్ని ఫ్యాషన్ అంటున్నరు. చేతి బట్టను గౌరవించాలని మాకు చెప్పకండి సార్. మా చేతి బట్టను మా ఒంటి మీద నుంచి తీయించింది మీ గడపే.

నేతన్నకు మనం శత్రువులమా?

కాదు. గద్వాల, రాజోలి, ఐజ, అమరచింత, కొత్తకోట మగ్గాల మీద కూర్చున్నోళ్లు కూడా ఈ గొలుసుల ఉన్నోళ్లే. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. కుప్పడం పద్ధతిల రెండింటినీ పోగు పోగు కలిపి నేస్తరు, ఒక్క చీరకు రోజులు పడతది. షోరూముల ఆ చీర వేలకు వేలు. నేసినోళ్లకు దక్కేది మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరి. మళ్లీ మేస్త్రీనే. పక్కన పవర్‌లూమ్ నకలు "గద్వాల" అని పేరు పెట్టుకొని పదో వంతు రేటుకు అమ్ముతున్నరు. అంచు, కొంగు ఉన్న చీరలు చేనేతకే రిజర్వ్ అని 1985 నుంచి చట్టమున్నది. నకలు అమ్మే దుకాణం మీద కేసు పెట్టే అధికారం సర్కారుకున్నది, పదమూడున్నర వేల జీతగానికి లేదు. మరి మైకు ఎవరి దిక్కు తిప్పాలె?

సర్కారు కూడా పెద్ద కొనుగోలుదారే, మర్చిపోకండి. బతుకమ్మ చీరలు 2017ల మొదలైనయ్. సిరిసిల్లకు పని దొరికింది, మంచిదే. కానీ నాణ్యత లేదని ఆ ఏడాదే కొన్ని చోట్ల ఆడోళ్లు చీరలు తగలబెట్టిండ్రు. వాళ్లను కృతజ్ఞత లేనోళ్లన్నరు. పేదోళ్లకు టెండర్ల ఎంత తక్కువైతే అంత తక్కువకు కొనిచ్చి, వాళ్లు అడిగితే తప్పా? బడి యూనిఫాం చూడండి. మన గురుకుల పిల్లలు, మన్ననూరు దిక్కు చెంచు పిల్లలు అందరూ వేసుకునేది. కుట్టు పని మహిళా సంఘాలకిచ్చిండ్రు. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలి 2024ల 75 చేసిండ్రు. పెంచినందుకు సంతోషం. అయితే మన ఊరి దర్జీ కాడికి పోయి ఒక జత 75కు కుట్టమని అడిగి చూడండి, ఏమంటడో. ఆ కుట్టే అక్క బిడ్డనే ఆ యూనిఫాం వేసుకునేది. చవక బట్ట మీద నీతి చెప్పే సర్కారు తానే చవకకు కుట్టిస్తున్నది.

మరి మనలో పెద్ద జీతాలోళ్ల సంగతి?

"అయితే ఎన్నైనా కొనుక్కోవచ్చా?" అని అడుగుతరని తెలుసు. అందరికీ ఒకటే జవాబు చెప్తే అది అబద్ధమైతది. మనలో పర్మనెంట్ కొలువులున్న అన్నలున్నరు, హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ చేసే చెల్లెళ్లున్నరు. సేల్ పెట్టినప్పుడల్లా ఐదు కొని మూడు తొడగకుండానే మూలకు పడేస్తే, అది అవసరం కాదు. జీతం టైముకు వచ్చేటోనికి, బీరువా నిండినోనికి ఈ ప్రశ్న సూటిగా తగులుతది, తగలాలె. నాలుగు చవక అంగీల పైసలతోని సొసైటీల ఒక చేనేత అంగి బట్ట తీసుకునే స్తోమత మీకున్నది. మూడు నెలలు జీతం రాని తమ్మునికి మాత్రం ఆ ఉపదేశం వద్దు. వానికి ముందు జీతం ఇప్పియ్యండి, తర్వాత నీతి.

చెయ్యాల్సినవి నాలుగు

ఒకటి. ఔట్‌సోర్సింగ్‌ల ఉన్న ప్రతి ఒక్కరు నియామక పత్రం, జీతం స్లిప్పు రాతపూర్వకంగా అడగండి. యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోండి. మీ జీతంల కోసింది అందులో పడ్డదా లేదా అని ప్రతి నెల చూడండి.

రెండు. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే అసలు యజమానే ఇవ్వాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలనే రాసిండ్రు. కొత్త లేబర్ కోడ్లు 2025 నవంబర్ 21 నుంచి అమలుల ఉన్నయ్. వాటిల కూడా ఆ బాధ్యత ఉన్నది, నెల జీతం మరుసటి నెల 7 లోపు ఇవ్వాలని కూడా ఉన్నది. ఏజెన్సీతో కుదుర్చుకున్న ఒప్పందం, కమీషను శాతం, బిల్లు ఏ తేదీన పాసైంది, ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఒక్కడు అడుగుతే రెన్యూవల్ ఆపుతరు. అందుకే లోపల పని చేసేటోళ్ల పేరు మీద కాదు, బయట చదువుకుంటున్న విద్యార్థుల పేరు మీద దరఖాస్తు వెయ్యాలె. మన సంఘం ఉన్నది దీనికి కాకపోతే మరి దేనికి?

మూడు. సీడ్ పత్తి సీజన్‌ల మన తండా బడిల హాజరు పట్టిక అడగండి. రాని పిల్లల ఇంటికి పోండి. 1098కు ఫోన్ చెయ్యండి. కానీ రైతు మీద కేసుతో ఆగకండి, ఆ చేను ఏ కంపెనీది, ఆర్గనైజర్ ఎవరు అనేది కూడా ఫిర్యాదుల రాయించండి.

నాలుగు. వచ్చే ఆగస్టు 7న సభ పెడితే మనం కూడా పోదాం. నేసినోళ్లకు మజూరి ఎంత, యూనిఫాం కుట్టినోళ్లకు జతకు ఎంత, ఈ సభకు కుర్చీలేసిన పిల్లలకు పోయిన నెల జీతం వచ్చిందా అని మూడు ప్రశ్నలు మర్యాదగా అడుగుదాం. మైకు ఇవ్వకపోతే కాగితం మీద రాసిద్దాం, రసీదు తీసుకుందాం.

అంగి రేటు తెలుసుకోవడానికి మనకు ఫోన్ ఉన్నది. మనిషి రేటు ఎవరు కట్టిండ్రో తెలుసుకోవడానికి మాత్రం గుంపుగా పోయి అడగాల్సిందే. మేస్త్రీని కాదు, మేస్త్రీ వెనకున్నోన్ని.